ఇంటి షీటు మీద సుద్ద సున్నా

మొన్న ఆదివారం పొద్దున, మలేసియాలోని ఇపో ఊళ్లో మా ఇంటి వరండాలో కూర్చుని, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుని, అవి ముక్కు మీదే ఉన్నాయని తెలిసి నాలో నేను నవ్వుకుంటున్న సమయానికి ఫోను మోగింది. మా అక్క కొడుకు ఏదో పంపించాడు. వాడిప్పుడు కౌలాలంపూర్‌లో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఆటగాళ్లను ఏరిపెట్టే పనిలో ఉన్నాడు. కాలేజీల్లో ఆడుతున్న కుర్రాళ్లలోంచి క్లబ్బులన్నీ వంతులవారీగా ఒక్కొక్కరినీ పిలుచుకుంటాయి, దాన్నే డ్రాఫ్టు అంటారు. ఈసారి వాళ్ల కన్ను పడిన ఒక వింగు కుర్రాడి మీద తయారుచేసిన పద్దెనిమిది పేజీల షీటు అది. దాని వెనకే వాడి గొంతు. "మావా, ఓ పాలి సూసి సెప్పు లా. అంకెలన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకేటో తేలటం లేదు." మాట చివర ఆ లా మలేసియా అలవాటు.

వింగంటే రెక్క కదా. కోర్టుకి రెండు పక్కలా రెక్కల్లా ఉండేవాళ్లు వీళ్లు. మూల నుంచి గురి చూసి బంతి వెయ్యాలి, సందు దొరికితే లోపలికి దూసుకుపోవాలి, ఎదుటి జట్టులో అందరికన్నా గట్టివాడెవడో వాణ్ణి కాచుకోవాలి, ఇంతా చేశాక పేరు మాత్రం ఎవరికో పోతుంది. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి ఉద్యోగం లాంటిదనుకోండి. ఆ పద్దెనిమిది పేజీల్లో ఆ కుర్రాడు ఎడమ మూల నుంచి ఎన్ని వేశాడో, కుడి మూల నుంచి ఎన్ని వేశాడో, ఎంత ఎత్తు ఎగిరాడో రంగురంగుల బొమ్మలు గీసి ఉన్నాయి. అవి చూస్తూ ఉంటే, ఇదే మేనల్లుడి మీద ఒకప్పుడు నేను రాసిన షీటు గుర్తొచ్చింది. నాది ఒక్కటే పేజీ. అందులోనూ ఒక తప్పు రాశాను.

ఆ తప్పు సంగతి చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రబ్బరు చెట్లు గీసినవాళ్లు. పోలీసులన్నా కోర్టులన్నా భయపడుతూ బతికిన మనుషులు కనుక, మా వంశంలో కోర్టుకెక్కిన మొదటివాణ్ణి నేనే. అది కూడా మా సొంతూరు సుంగై పెటానిలో, మా బడి వెనకాల ఉన్న సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు. జట్టంతా చీనా పిల్లలు, వాళ్ల మధ్య నేనొక్కణ్ణే తెలుగువాణ్ణి. ఆడిన దానికన్నా బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. కానీ బెంచీ మీద నుంచి ఆట కనబడినంత బాగా ఇంకెక్కణ్ణించీ కనబడదని నా అనుభవం. ఆ చూపుతోనే ఆటల మాస్టారునయ్యాను, ఆ చూపుతోనే తర్వాత మలేసియా ఉత్తరాది కాలేజీల్లో ఎవరు బాగా ఆడుతున్నారో చూసి రాసిపెట్టే పని ఆ కౌలాలంపూర్ క్లబ్బు నాకిచ్చింది.

మా నాన్న ఒక చీనా తౌకే దగ్గర, అంటే యజమాని దగ్గర, రబ్బరు షీట్లు గ్రేడు చేసేవాడు. రబ్బరు పాలు పేరబెట్టి, రోలర్ల మధ్య తిప్పి, పొగ గదిలో రోజుల తరబడి వేలాడదీస్తే షీటు తేనె రంగుకి వస్తుంది. దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే లోపల బుడగ ఉందా, బెరడు నలుసు ఉందా, బూజు పట్టిందా అన్నీ బయటపడతాయి. ఒకటో రకం నుంచి ఐదో రకం దాకా, చూసి విడదీయడమే ఆయన పని. "సేతిలో పట్టుకుని సూస్తే ఏటి తెలుస్తాది, ఎల్తురుకేసి పట్టి సూడు" అనేవాడు. నా పరీక్ష మార్కుల కాగితాన్ని కూడా అలాగే కిటికీకేసి పట్టి చూసేవాడు, అందులో బుడగలు తప్ప ఏమీ కనబడేవి కావు పాపం. పొగ చూసిన చేతులు ఆయనవి, పొగడటం మాత్రం రాదు.

చిన్నాన్నకి నాలుగెకరాల సొంత తోట ఉండేది. ఆ తోట షీట్లూ ఆ పొగ గదికే వచ్చేవి. అవి వచ్చినప్పుడు నాన్న రెండు పనులు చేసేవాడు. ఒకటి, తన కంటికి ఎంత తోస్తే దానికి ఒక మెట్టు దించి గ్రేడు వేసేవాడు. రెండోది, షీటు మూల సుద్దతో చిన్న సున్నా చుట్టేవాడు. సున్నా అంటే ఇది మా ఇంటిది అని. సాయంత్రం తౌకే వచ్చి, సున్నా ఉన్న షీటుని మాత్రం తానే కిటికీ దగ్గరికి తీసుకుపోయి, తానే చూసి, తగిన రకంలో వేసేవాడు. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోవడం నేను వినలేదు. నాన్న ఎందుకు దించుతున్నాడో చిన్నాన్నకి తెలుసు, తౌకే ఎందుకు ఎత్తుతున్నాడో నాన్నకి తెలుసు, ఎవరి మర్యాద వాళ్లకి దక్కేది.

ఇక మేనల్లుడి దగ్గరికి వస్తాను. మా అక్క సుంగై పెటానిలోనే రబ్బరు గ్లవ్వులు చేసే ఫ్యాక్టరీలో, గ్లవ్వులోకి గాలి నింపి బెజ్జం ఉందో లేదో చూసే పని చేసేది. మా ఇంటిల్లిపాదికీ లోపాలు వెతికే ఉద్యోగాలే రాసిపెట్టి ఉన్నాయి కాబోలు. బావ పోయాక ఒక్కర్తే వాణ్ణి పెంచింది. వాడు కాలేజీ ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి ఆరడుగుల మూడంగుళాలు, చేతులు చాపితే ఇంకో మూడంగుళాలు ఎక్కువ. చదువయ్యాక అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని సిద్ధంగా ఉంది. డ్రాఫ్టులో ఏదో ఒక క్లబ్బు పిలిస్తే ఆట, పిలవకపోతే ఫ్యాక్టరీ. వింగు కోసం చూస్తున్నది ఆ ఏడు మా క్లబ్బు ఒక్కటే. ఉత్తరాది కాలేజీల షీటు రాయాల్సింది నేను.

మరొకరికి అప్పగించి ఉండాల్సింది. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు. అక్క మాత్రం నా మొహం చూసి పసిగట్టేసింది. చేపల పులుసు వడ్డిస్తూ, "ఒరే, నాను గ్లవ్వులో బెజ్జం ఎతికినట్టు నువ్వు నా కొడుకులో ఎతక్కు. ఉన్నది ఉన్నట్టు రాయి, సాలు" అంది. ఉన్నది ఉన్నట్టు రాయడమంత కష్టం ఇంకోటి లేదని ఆవిడకి ఎలా చెప్పను.

మూడు ఆటలు చూశాను, మూడుసార్లూ వాడికి కనబడకుండా వేరే వేరే మూలల్లో కూర్చుని. నేను బంతిని చూడను. బంతి వెంట అందరూ పోతారు, నాకు కాళ్లు కావాలి. బంతి చేతికి వచ్చేలోపే వాడి పాదాలు సర్దుకుని ఉండేవి, అందుకే మూల నుంచి వేస్తే తడబాటు ఉండేది కాదు. ఎదుటివాడు వెయ్యబోతే పరుగున మీదికి పోయి, ఆఖరి రెండడుగులూ చిన్నవి చేసి నిలబడేవాడు, గంతు వేసి మోసపోయేవాడు కాదు. తోటివాడు బంతి పోగొడితే తిట్టుకుంటూ నిలబడక ముందు తనే వెనక్కి పరుగెత్తేవాడు. లోపాలూ ఉన్నాయి. ఎడమ చేత్తో బంతిని నేలకి రెండుసార్లు కొట్టాక దాని మీదికి తల దించేసేవాడు. జనం మధ్యలోకి దూసుకుపోతే ఆగడం తెలిసేది కాదు. మూడో ఆటలో మరొకటి చూశాను. కోచ్ వాణ్ణి దించి బెంచీ మీద కూర్చోబెడితే, వాడు తువ్వాలు మొహం మీద కప్పుకోకుండా ముందుకు వంగి ఆటనే చూస్తున్నాడు. బెంచీ మీద జీవితం గడిపినవాణ్ణి కనుక ఆ చూపు విలువ నాకు తెలుసు.

క్లబ్బుకి రాసే షీటులో నాన్న గ్రేడులనే వాడేవాణ్ణి. ఒకటో రకమైతే వచ్చిన రోజునుంచే జట్టులో ఆడతాడు. రెండో రకమైతే బెంచీ మీద నుంచి లేచి వచ్చి ఆటని నిలబెడతాడు. మూడైతే ఇంకో ఏడాది ఆగి చూడాలి. మూడో రకాన్ని క్లబ్బు పిలవదు. వాడు రెండో రకం, నాకు ఎలాంటి సందేహమూ లేదు. కలం తీసుకుని లోపాలన్నీ వివరంగా రాశాను, మంచివి క్లుప్తంగా రాశాను, కింద గ్రేడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మూడు వేసింది. మేనమామ కనుక రాశాడన్న మాట వాడి నెత్తిన జీవితాంతం ఉండకూడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట నా నెత్తిన ఉండకూడదని నా భయం. అలా అని చుట్టరికమైనా రాశానా, అదీ లేదు. కాగితం పైమూల పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పంపించేశాను. దాన్ని చదివేవాడు ఎవడూ లేడని తెలిసే చుట్టాను.

లేడనుకోవడానికి కారణం ఉంది. ఆ క్లబ్బు పెద్దాయన, మా నాన్న పనిచేసిన తౌకే కొడుకే, నిజమే. కానీ ఆయన చిన్నప్పుడే పైదేశం పోయి చదువుకుని వచ్చినవాడు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఉండేవాడు. పొగ గది వాసనే పడేది కాదని ఆయనే ఒకసారి చెప్పాడు.

డ్రాఫ్టు రోజు కౌలాలంపూర్‌లో ఒక హాల్లో వెనక వరసలో అక్కా, వాడూ, పక్కన నేనూ. వాడికి నేనేం రాశానో తెలియదు, అడగలేదు కూడా. అక్క ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పెళ్లికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఒక్కో పేరూ పిలుస్తూ ఉంటే నేను నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను. మొదటి వంతులో మా క్లబ్బు ఒక పొడుగాటి సెంటరు కుర్రాణ్ణి పిలిచింది. మిగిలింది ఒక్క వంతే. ఆ వంతుకి పెద్దాయన లేచి, కాగితం చూడకుండా మా వాడి పేరు చదివాడు.

అక్క వాడి మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచేసింది. వాడు ముందుకు నడుస్తూ ఉంటే నేను అలవాటుగా వాడి కాళ్లే చూశాను. పాదాలు సర్దుకునే ఉన్నాయి, తడబడుతున్నవి నావే.

అయ్యాక పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. ఇక్కడ మాస్టారుని మలయ్ భాషలో చిగ్గు అంటారు; మా తెలుగు చెవికి అది సిగ్గులాగే వినబడుతుంది, ఆ రోజు నాకు రెండూ సరిపోయాయి. ఆయన నా షీటు తీసి ఆ పెన్సిలు సున్నా మీద వేలు పెట్టి, "చిగ్గు, ఇది మీ నాన్నగారి సున్నా కాదూ" అన్నాడు. వాళ్ల నాన్న సాయంత్రాలు సున్నా ఉన్న షీట్లని కిటికీ దగ్గరికి తీసుకుపోతూ ఈయన్నీ వెంట పిలిచేవాడట. గ్రేడరు తన ఇంటి షీటుని దించితే ఎత్తి చూడవలసింది నువ్వు, అది నీ వంతు పని అని చెప్పేవాడట. అందుకని సున్నా చూసిన వారమే ఆయన ఎవరికీ చెప్పకుండా కాలేజీకి వచ్చి, పిల్లల మధ్య కూర్చుని ఆటంతా చూసి, తన చేత్తో రెండు వేసుకున్నాడు. వాళ్ల నాన్నలాగే. ఆపైన చిన్నగా చివాట్లు కూడా పెట్టాడు: రబ్బరుకి సున్నా చాలు, మనిషికి చాలదు, ఈసారి చుట్టరికం ఉంటే అక్షరాల్లో రాయండి, నేను సెలవులో ఉండుంటే ఆ కుర్రాడి గతేమిటి, అని.

అక్కకి ఆ సాయంత్రమే అంతా చెప్పేశాను. కాసేపు నన్ను గాలి నింపిన గ్లవ్వుని చూసినట్టు చూసింది. "నాన్న పోలికే వచ్చినాదిరా నీకు. మెదడు తప్ప" అంది. మేనల్లుడు విని నవ్వాడు గానీ, మర్నాటినుంచి ఎడమ చేత్తో తప్ప బంతి కొట్టడం మానేశాడు. మూడో ఏటికి మొదటి ఐదుగురిలో ఒకడయ్యాడు, ఆ తర్వాత జట్టుకి నాయకుడయ్యాడు. నేను మూడు వేశాను, తౌకే కొడుకు రెండు వేశాడు, వాడు ఆడి ఒకటి చేసుకున్నాడు. గ్రేడరుగా నేను ఓడిపోయిన ఆటల్లో నేను గొప్పగా చెప్పుకునేది ఇదొక్కటే.

పెద్దాయన ఇప్పుడు లేడు. సుంగై పెటానిలో ఆ పొగ గది ఉన్నచోట కార్ల షోరూము వెలిసింది, కిటికీ ఉన్న వైపంతా ఇప్పుడు అద్దమే, వెలుతురుకి కొదవ లేదు, పట్టి చూడడానికి షీటే లేదు. మేనల్లుడు పంపిన పద్దెనిమిది పేజీల్లో ఆటగాడితో బంధుత్వం ఉందా లేదా అని ఒక గడి ఉంది. ఉంటే ఆ షీటు రాసే పని మరొకరికి పోతుందట. అదే మంచి పద్ధతి, అది అప్పుడే ఉంటే నాకు నిద్ర పట్టేది. అయినా, నేను దించితే ఎత్తేవాడొకడున్నాడని నాన్న గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్న ఆ నమ్మకానికి మాత్రం ఏ పేజీలోనూ గడి కనబడలేదు.

అంకెలు పక్కన పెట్టి ఆ కుర్రాడి ఆట వీడియో రెండుసార్లు చూశాను. బంతిని కాదు, కాళ్లని. తర్వాత మేనల్లుడికి ఫోను చేసి, రెండో రకం, బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎటు చూస్తాడో మాత్రం నువ్వే వెళ్లి చూసిరా అని చెప్పాను. ఆ కుర్రాడు మనకేమీ కాడు, గడిలో లేదు అనే రాసి ఉంది. మాట్లాడటం అయ్యాక కూడా నా వేలు ఫోను తెర మీద ఆ మొదటి పేజీ పైమూల, ఏమీ లేని తెల్లటి చోట, కాసేపు తిరుగుతూనే ఉంది.