తియ్యొద్దన్న బండ

ఇప్పటికీ ఆ బండ మీద నేను కాలు పెట్టను. పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళినా చుట్టు తిరిగే వెళ్తాను. ఇప్పుడు మా ఆయన కూడా చుట్టు తిరుగుతున్నాడు.

కర్నూలు పాతూళ్ళో, కోట బురుజుకు కూతవేటు దూరంలో, ఈ ఇల్లు కొని రెండేళ్ళయింది. అంతకు ముందు ఎనిమిది అద్దె ఇళ్ళు మారాం. మేకు కొట్టొద్దు, చుట్టాలను పిలవొద్దు, నీళ్ళు ఎక్కువ వాడొద్దు అని చెప్పించుకుని చెప్పించుకుని నాకు విసుగెత్తిపోయింది. అందరూ కొత్త కాలనీల్లో అపార్టుమెంటు చూసుకోమన్నారు. నాకేమో నా సొంత మట్టి, నా సొంత గోడ కావాలి.

"వరదొచ్చిన ఈది అది. నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మా ఆయన.

పిచ్చే. తుంగభద్ర ఊళ్ళోకి వచ్చిన ఏడాది నాటి నీళ్ళ చార ఇంకా గోడ మీద ఉంది, ఎన్నిసార్లు సున్నం వేసినా బయటికొస్తుంది. అయినా నాకు ఆ ఇల్లే నచ్చింది.

అమ్మినాయన బండలు పరిచే మేస్త్రీ. డెబ్బై దాటాయి, భార్య పోయింది, పిల్లలు లేరు. ఆదోనిలో చెల్లెలి దగ్గరికి పోతానన్నాడు. ఇంట్లో ప్రతి కడప బండా ఆయన తన చేత్తో పరిచిందే, సందులో గోరు కూడా దూరదు. బేరం దగ్గర మారుమాట్లాడలేదు. సంతకాలు పెట్టే రోజు మాత్రం నన్ను పెరట్లోకి తీసుకుపోయి, చూరు కింద ఒక బండ చూపించాడు.

"ఇల్లు నీదమ్మా, ఏమన్నా చేస్కో. ఈ ఒక్క బండ మాత్రం తియ్యాకు."

"ఎందుకు పెద్దాయనా?"

"ఊరికే చెప్తాండా. మాటియ్యి తల్లీ."

ఇచ్చాను. మాటకేం, నోటితో అనేదే కదా అనుకున్నాను.

ఇక నా ఘనకార్యం వినండి. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా జిల్లాల్లో పాత గుడి కనిపించినా, పాత కోట కనిపించినా గుప్తనిధులంటూ గడ్డపారలు పట్టుకుని బయల్దేరే వాళ్ళుంటారు. వాళ్ళను క్లాసులో నేను తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు. అలాంటిదాన్ని, ఇంట్లో దిగిన వారానికే ఆ బండ వైపు దొంగచూపులు మొదలుపెట్టాను. నవాబులు ఏలిన ఊరు. కోట పక్క వీధి. పైగా తియ్యొద్దని మాట తీసుకున్నాడు. ఇంకేం కావాలి!

"ఉంటే ఆయప్ప ఇడిసిపెట్టి పోతాడా?" అన్నాడు మా ఆయన.

"తీసేకి భయమేమో."

"నీకు లేదా?"

"నాకెందుకు భయం?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు స్నానాలగది పగలగొట్టించి కొత్తది కట్టిస్తున్నాం. ఆదివారం పనివాళ్ళు రారు. మధ్యాహ్నం వీధి తలుపు గడియ పెట్టి, మేమిద్దరమే బండ లేపాం. మోకాటి లోతు తవ్వాం. కుండ లేదు, బిందె లేదు, ఉత్త మట్టి. "అయిందా నీ నవాబు ఖజానా?" అని మా ఆయన గడ్డపార పారేశాడు. తవ్విన మట్టంతా వాకిట్లో ఉన్న పాత గోడల చెత్త మీద పోశాం. సోమవారం పొద్దున్నే ట్రాక్టర్ వచ్చి మొత్తం ఎత్తుకుపోయింది.

స్కూలు నుంచి వచ్చి గుంత పూడుద్దామని వంగితే, మూలన ఏదో నల్లగా మెరిసింది. తీశాను. గాజు. నా రెండు వేళ్ళు కూడా పట్టనంత గాజు. పురిటి బిడ్డకు దిష్టి తగలకుండా వేసేది.

మా బద్వేలు అవ్వ చెప్పేది, పురిట్లో పోయిన బిడ్డను చూరు కిందే పెడతారని, అలా పెడితే అదే కడుపున మళ్ళీ పుడుతుందని. ఎన్నిసార్లు విన్నానో! అన్నీ తెలిసీ, చూరు కింద బండ చూస్తే నాకు నవాబు గుర్తొచ్చాడు.

ట్రాక్టర్ డ్రైవరు దగ్గరికి పరుగెత్తాను. "యాడని చెప్పేదమ్మా? ఏటిగడ్డన శానా లోడ్లు పోసినాం" అన్నాడు. వెళ్ళి చూశాను. ఊరు ఊరంతా పగలగొట్టిన ఇళ్ళ కుప్పలు. ఏ కుప్పని వెతకను? పొద్దు గూకే దాకా నిలబడి ఏడ్చి వచ్చాను. గాజు ఆ గుంతలోనే పెట్టి ఇసుక పోశాం. బండ మా ఆయనే పెట్టి సిమెంటు పూశాడు, పనికొచ్చే మేస్త్రీని పిలిచే ముఖం మాకు లేదు.

పెరడు కడిగితే అన్ని బండలూ ఆరిపోతాయి, అదొక్కటి చెమ్మగా ఉంటుంది. కింద కొత్త ఇసుక కాబట్టి అలా ఉంటుందని సైన్సు టీచరుకు తెలుసు. తెలిసి ఏం లాభం? పక్కింట్లో చంటిది ఏడ్చినా నేను ముందు పెరట్లోకే చూస్తాను.

మొన్న ఎండాకాలంలో పెద్దాయన వచ్చాడు. మజ్జిగ తాగి, తిన్నగా పెరట్లోకి పోయి ఆ బండ పక్కన కూర్చున్నాడు. సందు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు.

"తీసినారు కదమ్మా."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు.

"పన్నెండు దినాల బిడ్డ. మళ్ళీ పుడ్తాదని ఈడ పెడితిమి. పుట్టల్యా. వరదప్పుడు నీళ్ళు ఈడికొచ్చినాయి గదా, అప్పట్నుంచి ఒకటే గుబులు. నీళ్ళు ఎత్తుకపోయినాయో, ఉండాదో. ఊరందరి ఇండ్లల్లో బండలు తీసినా గానీ ఇది తీసేకి నాకు చేతులు రాల్యా." నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినావు గదా తల్లీ. ఉండాదా?"

"ఉండాది పెద్దాయనా" అన్నాను. "చేతికి నల్లగాజు గూడా ఉండాది."

"పురుడు నాడు వాళ్ళమ్మ ఏసింది" అన్నాడు. ఎంతసేపో బండ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

బస్టాండులో ఆదోని బస్సు ఎక్కిస్తూ, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగాను.

"ఇంక రాన్లేమ్మా. ఆ గుబులుతోనే వచ్చింటి. నువ్వుండావు గదా, చూసుకుంటావు."

ఇంటికొచ్చి ఆ బండ కడిగాను. అప్పట్నుంచి రోజూ కడుగుతున్నాను.