బార్ పూజకు మావయ్యతో: మైదాన్‌లో కొత్త సీజన్ తొలి ఉదయం

మా జట్టు పదకొండేళ్ళ తర్వాత కోల్‌కతా ఫుట్‌బాల్ లీగ్ పై డివిజన్‌లోకి తిరిగొచ్చిందన్న వార్త ఫోనులో చూసినప్పుడు నేను విశాఖలో, మా బ్యాంకు క్యాంటీన్‌లో ఉన్నాను. నీలం, పసుపు చారల చొక్కాల జట్టు మాది. పెద్ద క్లబ్బుల అభిమానులకు కూడా దాని పేరు సరిగా గుర్తుండదు, అందుకని ఇక్కడ మా జట్టు అనే రాస్తాను. వెంటనే లిలువాలో ఉంటున్న మా మేనమామ సన్యాసిరావుకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు నాకీ పిచ్చి అంటించింది ఆయనే. జట్టు కిందికి దిగిపోయిన ఏడాది, మళ్ళీ పైకి వచ్చేదాకా కోల్‌కతాలో క్లబ్బుల గ్రౌండ్లన్నీ ఉండే మైదాన్ గడప తొక్కనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. సంతోషంతో గంటసేపు మాట్లాడతాడనుకున్నాను. "అలగేటి? మంచిదే" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రెండు మాటలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. బెంగాలీ కొత్త సంవత్సరం నాడు జరిగే బార్ పూజకు ఆయన్ని తీసుకెళ్ళాలని అప్పుడే అనుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఏప్రిల్ మధ్యలో వచ్చే ఆ రోజు పొద్దున, మైదాన్‌లోని క్లబ్బులు గోల్‌పోస్టుకు, దాని అడ్డ కర్ర అయిన బార్‌కు పూలదండలు కట్టి, కుంకుమ పెట్టి పూజ చేస్తాయి. అక్కడితో కొత్త సీజన్ మొదలైనట్టు. లీగ్ మ్యాచ్‌లు వానాకాలంలో గాని మొదలు కావు. కానీ అభిమానులు ఈ ఏడాది జట్టు ఎలా ఉంటుందో తేల్చుకునేది ఆ పూజ రోజునే. విశాఖలో సాయంత్రం బండెక్కితే మర్నాడు పొద్దునకు హౌరా. స్లీపర్ టికెట్టు ఐదు వందలకు అటూ ఇటూ అవుతుంది. హౌరా నుంచి లిలువాకు లోకల్ రైల్లో ఒక్క స్టేషనే, టికెట్టు ఐదు రూపాయలు. నేను పూజకు ముందు రోజే చేరుకున్నాను.

లిలువా రైల్వే క్వార్టర్స్‌లోనే నేను పుట్టి పెరిగాను. మావయ్య అప్పట్లో అక్కడి వర్క్‌షాపులో ఫిట్టర్. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే చేతుల గ్రీజు పూర్తిగా వదలకుండానే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. నాకు పదేళ్ళు. చెక్క గ్యాలరీలో వాన పడుతుంటే ఇద్దరికీ ఒకే గొడుగు, ఒకే వేరుశెనగ పొట్లం. చుట్టూ వందలమంది బెంగాలీలో అరుస్తుంటే ఆయన నా చెవిలో తెలుగులో చెప్పేవాడు: "బంతెక్కడుందో అందరికీ అగుపిస్తాది. బంతి లేనోడు ఏటి సేస్తన్నాడో సూడే గుంటా." పెళ్ళయి విశాఖ వచ్చేదాకా అలా పద్నాలుగు సీజన్లు చూశాను. గెలిచిన మ్యాచ్‌లు కొన్నే గుర్తున్నాయి. తడిసిన చెక్క వాసన మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

పూజ రోజు పొద్దున ఆరున్నరకు అత్త ఉప్మా పెడుతూ నాతో మెల్లగా అంది. "టీవీలో బంతాట వస్తే కూడా ఆపేస్తాడు. నువ్వు పిలిస్తే ఎల్తానన్నాడు గానీ, రేత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు." మావయ్య అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. నడకలో తొందర మాత్రం తగ్గలేదు.

లోకల్‌లో హౌరా వచ్చి, స్టేషన్ ఎదుట రేవు నుంచి బాబూఘాట్‌కు లాంచీ ఎక్కాం. టికెట్టు పది రూపాయల లోపే. సెలవు రోజు లాంచీలు తక్కువ కాబట్టి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. నది కింద నుంచి మెట్రో ఉంది కదా, త్వరగా పోవచ్చు అన్నాను. "నీల్లకింద ఎల్తే గంగ అగుపిస్తాదేటి?" అన్నాడు. నీళ్ళ మీద ఎండ ఇంకా పదునెక్కలేదు. నేను ఈ సీజన్ గురించి కదిపాను. పోయినేడు డిఫెన్స్‌ను మోసిన స్టాపర్ పెద్ద క్లబ్బుకు వెళ్ళిపోయాడు. బడ్జ్ బడ్జ్ నుంచి ముగ్గురు కుర్రాళ్ళను కొత్తగా తీసుకున్నారు. గోలీ, అంటే గోల్‌కీపర్, ఇరవై ఏళ్ళవాడు. మొదటి ఆరు జట్లలో ఉంటామా అని అడిగాను.

"లచ్చీ, నాను ఒట్టు పెట్టుకోలేదే," అన్నాడు మావయ్య.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. జట్టు దిగిపోయిన ఆ ఆఖరి మ్యాచ్‌లో, ఆట ముగియబోతుండగా, మామూలు బంతి ఒకటి మా గోలీ తపన్ కాళ్ళ మధ్య నుంచి గోల్లోకి పోయింది. మావయ్య గోల్ వెనకాల గ్యాలరీలో ఉన్నాడు. "నోటికేటొచ్చిందో అనీసినాను. అమ్ముడుపోయినావురా అని అరిసినాను. పక్కోడు అందుకున్నాడు. మరి గ్యాలరీ అంతా అదే మాట. ఆడు టెంటులోకి ఎల్లే దాకా అదే. మరి ఆడు ఆ జట్టుకి ఆడలేదు, ఏ జట్టుకీ ఆడలేదు." వారం తర్వాత తెలిసిందట, తపన్ ఆ రోజు విరిగిన వేలికి కట్టు కట్టుకుని ఆడాడని, వేరే గోలీ లేక అతనే ఒప్పుకున్నాడని. "మరి ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను? ఒట్టని సెప్పుకున్నాను. ఇప్పుడు ఆడు మళ్ళీ వచ్చినాడంట. గోలీలకి నేర్పడానికి."

బాబూఘాట్‌లో దిగాక మైదాన్‌లోని మా టెంటుకు, అంటే క్లబ్బు ఆఫీసూ క్యాంటీనూ ఉండే చోటుకు, నడిచి వెళ్తే పావుగంట. ఆ పావుగంటలో వెనక్కి వెళ్దామా అని నేను ఒకసారి అడిగాను. ఆయన అడుగుల వేగం పెంచాడు.

టెంటు దగ్గర రెండొందల మంది దాకా ఉన్నారు. లోపలికి టికెట్టేమీ లేదు. గేటు పక్కన క్యాంటీన్‌లో, అందరూ హరిదా (హరి అన్న) అని పిలిచే వంటవాడు చికెన్ స్టూ కలుపుతూ తలెత్తి, గరిటె అక్కడే వదిలేసి బయటికొచ్చాడు. "సన్యాసీదా, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారు? రిటైరయ్యాక మీ ఊరు వెళ్ళిపోయారనుకున్నాను," అన్నాడు బెంగాలీలో. స్టూ, టోస్టు రెండు ప్లేట్లు పెట్టాడు. ప్లేటు వంద లోపే, రుచి నా పదేళ్ళ వయసులో ఉన్నదే. మావయ్య టోస్టు తుంచాడు గానీ తినలేదు.

తొమ్మిదింటికి పూజ జరిగింది. బంతిపూల దండలు చుట్టిన అడ్డ కర్రకు పురోహితుడు బొట్టు పెట్టాడు, కెప్టెన్ మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. ఆటగాళ్ళ వెనకాల, నెరిసిన గడ్డంతో నిలబడ్డ మనిషిని చూసి మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. పూజయ్యాక సందేశ్ మిఠాయి పంచుతుండగా తనే నడిచి వెళ్ళి అతని ఎదుట నిలబడ్డాడు. బెంగాలీలో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు.

"తపన్‌బాబూ, ఆ రోజు ఆ మాట మొదట అన్నది నేను. మిగతావాళ్ళు నన్ను చూసి అన్నారు. అది అబద్ధం. నన్ను క్షమించమని అడగడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది."

తపన్ చేతిలోని సందేశ్ పక్కనున్న పళ్ళెంలో పెట్టేశాడు. "ఎవరు మొదలెట్టారో తెలుసుకోవాలని చాలా ఏళ్ళు అనుకున్నాను బాబాయ్," అన్నాడు. "దొరికితే కొడతాననుకున్నాను. మా నాన్న ఆ రోజు గ్యాలరీలోనే ఉన్నాడు. ఇంటికొచ్చి, నిజమేనా అని నన్ను అడిగాడు." మావయ్య తల దించుకున్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అది నేను కల్పించుకోవలసిన మాట కాదు.

తపన్ గోల్‌పోస్టు దగ్గర గ్లవ్స్ తొడుక్కుంటున్న కుర్రాడిని చూపించాడు. "వాడు బాగా ఆడతాడు. కానీ ఇరవై ఏళ్ళు. ఈ వానాకాలం ఏదో ఒక రోజు తేలిక బంతి వదిలేస్తాడు. నేనూ వదిలాను, అందరూ వదులుతారు. అప్పుడు మన గ్యాలరీలో ఎవరో ఒకరు మొదలెడతారు. మీరు అక్కడ కూర్చోగలరా? మొదలెట్టేవాడి పక్కన?"

"కూర్చుంటాను," అన్నాడు మావయ్య.

క్షమించానని తపన్ అనలేదు. గోలీ దగ్గరికి వెళ్ళి బంతులు విసరడం మొదలుపెట్టాడు. మావయ్య మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి పదకొండు గంటల దాకా చూశాడు. తిరుగు లాంచీలో ఆట గురించి మొదలుపెట్టాడు. కుర్రాడు ఎడమ వైపు ఆలస్యంగా దూకుతున్నాడనీ, చేతులు మాత్రం గట్టివనీ అన్నాడు. బడ్జ్ బడ్జ్ కుర్రాళ్ళలో పొట్టివాడికి బురదలో కాలు నిలుస్తుందట. "మొదటి ఆరూ గీరూ ఒద్దు. మళ్ళీ దిగిపోకుండా ఉంటే సాలు. ఉంటాది," అన్నాడు.

ఈ సీజన్ మీద నా అంచనా కూడా దాదాపు అదే. డిఫెన్స్ పలచగా ఉంది, గోల్స్ కొట్టేవాడు ఒక్కడే. కింది నుంచి నాలుగో స్థానంలో ముగించినా పండగ చేసుకుంటాను. చిన్నప్పటి ఆ గ్యాలరీని నేను ఇన్నేళ్ళూ వాన, గొడుగు, వేరుశెనగలుగా దాచుకున్నాను. అదే చెక్కల ముందు ఆడిన ఇంకొకరికి అది ఒక తండ్రి వేసిన ప్రశ్నగా మిగిలిందని నాకు తెలియదు. తెలిశాక కూడా ఆ చోటు మీద ప్రేమ తగ్గలేదు, కానీ ఇక ముందులా తేలిగ్గా తలుచుకోలేను. మావయ్య జూలైలో మొదటి మ్యాచ్‌కి వెళ్ళడానికి కొత్త గొడుగు కొన్నాడని అత్త నిన్న ఫోన్ చేసి చెప్పింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: బార్ పూజ నాడు ఎనిమిదింటికల్లా టెంటు చేరండి. పూజ ముగిశాక వెంటనే వెనక్కి రాకండి, ఆ తర్వాత జరిగే ప్రాక్టీసును తాడు పక్కన నిలబడి ఎవరైనా చూడొచ్చు, ఆటగాళ్ళతో నేరుగా మాట్లాడే వీలు ఏడాది మొత్తంలో అప్పుడే దొరుకుతుంది.