పెంచలయ్య సారు వేసిన బెంచీలు

మొన్న నెల్లూరు బస్సులో నా వెనక సీట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. ముందు పొడిగా, తర్వాత సాగదీసి. ఆ చప్పుడు చెవిన పడగానే ఒళ్ళో సంచి సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. పక్కనున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఏం చెప్పను ఆమెకు? మా పెంచలయ్య సారు పాఠం మొదలుపెట్టే ముందు అచ్చం అలాగే గొంతు సవరించుకునేవారు. తిరిగి చూస్తే ఎవరో పెద్దాయన, పాపం జలుబు చేసినట్టుంది. నాకు మాత్రం ఆ రోజంతా హుషారుగా గడిచింది.

పెంచలయ్య సారు నాకు అర్థశాస్త్రం చెప్పారు. ఎదురుగా నిలబడి కాదు, ఫోన్లో. పెళ్ళై పిల్లలు పుట్టాక, విడవలూరులో మా ఇంటి వసారాలో మిషన్ కుట్టుకుంటూనే ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. చదువు ఇంటర్‌తో ఆగిపోయిందని నాకు అంత కసి. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. అత్తమ్మ మాత్రం "ఫోన్లో చదువేంది, ఫోన్లో అన్నం తిన్నట్టు" అని మూతి తిప్పింది.

మొదటి రోజు ఫోన్‌ను మిషన్‌కు ఆనించి నిలబెట్టాను. తెరమీద ముఖం సారుది ఒక్కటే. మిగతా అందరం నల్లటి గళ్ళలో ఉత్త పేర్లం. సారు ఏం అడిగినా ఎవరూ పలకడం లేదు. అప్పుడే అటు వచ్చిన అత్తమ్మ, తెరలో మగమనిషిని చూసి గబగబా కొంగు తలమీదికి లాక్కుంది. "ఏందే నసీమా, ఇంటికొచ్చిన సారును అట్టనే పెట్టేసినావు? టీ అయినా ఇయ్యవా?" అంది. నా మైకు తెరిచే ఉంది! సిగ్గుతో చచ్చిపోయాను. సారు మాత్రం, "ఇచ్చినా తాగే భాగ్యం లేదమ్మా. మీరన్నా పలికినారు, అదే చాలు" అన్నారు. నల్లగళ్ళలోంచి ఒక్కసారిగా నవ్వులు. వాటి వెనక మనుషులున్నారని నాకప్పుడు తెలిసింది.

మర్నాడు సారు తెల్లకాగితం మీద ఒక తరగతి గది గీసి కెమెరా ముందు పెట్టారు. గదినిండా బెంచీలు. "ఎవురు యాడ కూర్చుంటారో చెప్పండి" అన్నారు. లేని గదిలో లేని బెంచీల కోసం మేం కొట్టుకున్న తీరు చూడాలి! ముందురోజు నోరు విప్పనివాళ్ళే చివరి బెంచీ నాదంటే నాదని అరుపులు. మనుబోలు నుంచి సుజాత, వరి పొలం పనులు చూసుకుంటూ చదివే మనిషి, తనకు కిటికీ పక్కన కావాలంది. "కిటికీ యాడుందమ్మా?" అన్నారు సారు. "మీరు గీయలా సార్. ఇప్పుడు గీయండి" అంది. సారు కిటికీ గీసి, ఆమె పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఆ బెంచీలకు ఒక నియమం ఉంది. పక్కనున్నవాళ్ళు రాకపోతే మనమే ఫోన్ చేయాలి. వాళ్ళు ఎత్తకపోతే ఇంట్లో ఇంకొకరికి చేయాలి. సంగతి తెలిసేదాకా పాఠం మొదలుకాదు. అలా సుజాతకు నాట్లు పడితే పాఠం నేను చెప్పేదాన్ని, నాకు రంజాన్ కుట్టు మీదపడితే ఆమె చెప్పేది. ముఖాలు చూసుకోకుండానే అక్కాచెల్లెళ్ళమైపోయాం.

సారు మా రాతలకు మార్కులు పంపి ఊరుకునేవారు కాదు. ఒక్కొక్కరికీ పేరుపెట్టి మాటలు రికార్డు చేసి పంపేవారు. "నసీమమ్మా, మొదటిది బాగా రాసినావు. రెండోది పుస్తకంలో చూసి దించినావు, నాకు తెలీదనుకోబాక." వెనకాల వాళ్ళింటి కుక్కర్ కూత వినబడేది. మిషన్ తొక్కుతూ ఆ మాటలే మళ్ళీ మళ్ళీ పెట్టుకునేదాన్ని. అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేది. పాఠాలు కూడా ఒక్కటి వదిలేది కాదు.

రెండో ఏడు చిక్కొచ్చిపడింది. ప్రతి ఒక్కరూ క్లాసులో ఒక విషయం మీద మాట్లాడాలి, మాట్లాడకపోతే ఆ పేపరు పోయినట్టే. ఇంట్లో నా నోటికి ఎదురులేదు గానీ, నలుగురిలో నా గొంతు పెగలదు. నా వంతు రాగానే "సార్, గిరాకీ అంటే..." అన్నాను. అంతే. ఫోన్ కట్ చేసేశాను. ఇక చదవనని మా ఆయనకు చెప్పేశాను. సుజాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. లోపలికెళ్ళి ఏడ్చాను. అప్పుడు నా చదువు ఆపింది పుట్టింటివాళ్ళు, వాళ్ళను తిట్టుకుంటూ బతికాను. ఇప్పుడు ఆపుతున్నది నా గొంతే. దీనికి ఎవరిని తిట్టను?

మర్నాడు క్లాసు వేళకు అత్తమ్మ ఫోన్ మోగింది. సుజాత. అటువైపు క్లాసులో అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. ఇటు అత్తమ్మ కూడా స్పీకర్లోనే పెట్టడంతో వంటింట్లో పిండి కలుపుతున్న నాకూ వినబడుతోంది. "నసీమ రాలేదేందమ్మా?" అని సారు గొంతు. "ఇంక రాదంట సారూ. కోడలి బదులు నేను చెప్తే చెల్లుతుందా?" అంది అత్తమ్మ. "చెప్పండమ్మా, వింటాం" అన్నారు సారు!

అత్తమ్మ చాప మీద సర్దుకుని కూర్చుంది. "రంజాన్ ముందు మా ఇంటికి జాకెట్లు కుప్పలుగా వస్తాయి సారూ. అప్పుడు మా కోడలు కూలి తగ్గిస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. పిండిని ఇంకా గట్టిగా పిసికాను.

"జనం ఎక్కువొస్తారు గదా, అందుకని. గిరాకీ పెరిగితే ధర తగ్గుద్ది సారూ, అంతే."

ఇక నావల్ల కాలేదు. పిండిచేతులతోనే పరుగెత్తుకొచ్చాను. "గమ్మునుండు అత్తమ్మా! నేనెప్పుడు తగ్గించినా?" అని ఫోన్ లాక్కున్నాను. పండగ ముందు అందరికీ ఒక్కసారే కావాలి, కుట్టే చేతులు మాత్రం నావే, మరి కూలి పెరగక తగ్గుతుందా అని దులిపేశాను. అలా అంటూ అంటూ ఉండగా గుర్తొచ్చింది, క్లాసంతా వింటోందని. గొంతు ఆగిపోయింది. సారు మాట అందించలేదు. పర్వాలేదనీ అనలేదు, తర్వాతివాళ్ళను పిలవనూ లేదు. ఊరికే ఆగారు. ఆయనతోపాటు క్లాసంతా ఆగింది. సుజాత ఇంటి దగ్గర గేదె అరుపు తప్ప ఏమీ వినబడలేదు. మళ్ళీ మొదలుపెట్టాను, చివరిదాకా చెప్పాను. "మార్కులు నీకెయ్యాల్నా, మీ అత్తమ్మకా?" అన్నారు సారు. "నాకే సార్, ఆమె చెప్పిందంతా తప్పు" అన్నాను. క్లాసు క్లాసంతా గొల్లుమంది.

ఆఖరి పరీక్ష రోజు నెల్లూరులో సారును మొదటిసారి, ఒకే ఒక్కసారి, ఎదురుగా చూశాను. పొట్టి మనిషి, ఆ గొంతుకు ఆరడుగులుంటారనుకున్నాను. "అత్తమ్మ చేత తప్పు చెప్పించింది మీరే కదా సార్?" అని నిలదీశాను. "ఆమెనే అడుగు" అని నవ్వారు. అత్తమ్మనడిగితే "నాకేం తెలుసే, చదువుకున్నదాన్నా?" అంటుంది. ఇవాళ్టికీ ఇద్దరూ దొరకలేదు.

డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు నేను చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు ఫోన్లోనే కుట్టు నేర్పుతున్నాను. అసలే కోపిష్టిదాన్ని, ఆగడమనేది నా ఒంట్లో లేదు. పోయిన వారం చిల్లకూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయిని "జాకెట్‌కు చెయ్యి అతకడం అర్థమైందా?" అని అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. ఎవరో ఆమె బదులు జవాబు చెప్పబోతే "ఉండండి" అన్నాను. కత్తెర కింద పెట్టి కూర్చున్నాను. చాలాసేపటికి అటునుంచి సన్నగా, "లేదక్కా, మళ్ళీ చెప్తావా?" అని వినబడింది.

ఎంత సంతోషమేసిందో! గుడ్డ కత్తిరించడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.