నల్ల తీగల కారు

ఆ వీధిలో అందరూ ఆమెను కరెంటక్క అంటారు. కార్ల వైరింగు ఆమె పని. తండ్రి దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక ఆమెకు మిగిలినవి షెడ్డూ, పనిముట్లూ, ఒక ముసలి కారూ. ఆ కారుకు ఆయనే ఒకప్పుడు వైరింగంతా కొత్తగా వేశాడు, అదీ మొత్తం నల్ల తీగతో. హారనుకీ నలుపే, లైట్లకీ నలుపే. ఆరోజు చేతికందిన తీగ చుట్ట అదొక్కటే మరి. ఏది ఎటు పోతుందో ఎలా తెలుస్తుందని కూతురు అడిగితే, కరెంటుకి రంగులు కనిపిస్తాయా ఏంటి, నాకు గుర్తుంటుందిలే అని నవ్వేసేవాడు. ఆ గుర్తు కాస్తా ఆయనతోనే పోయింది.

తర్వాత తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి డయాలిసిస్ చేయించాలి. బస్సులో ఆవిడ కూర్చోలేదు. కారు వెనక సీట్లో కాళ్లు చాపుకుంటేనే ఆయాసం కాస్త అదుపులో ఉండేది. సరిగ్గా అప్పుడే కారు మొరాయించడం మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ నడిరోడ్డు మీద ఆగిపోయేది. లైట్లు లేవు, హారను లేదు. కాసేపయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

షెడ్డులో మాత్రం, కరెంటు వస్తోందో లేదో చూసే టెస్టు బల్బు ఎక్కడ ఆనించినా చక్కగా వెలిగేది. కరెంటక్క బ్యాటరీ కొసలు గీకి బిగించింది. తాళం స్విచ్చి మార్చింది. ఫ్యూజులన్నీ కొత్తవి వేసింది. టార్చి నోట కరుచుకుని డాష్‌బోర్డు కిందికి దూరి, ఆ నల్లచిక్కును లాగింది, ఊపింది. ఎంత ఊపినా బల్బు ఆరలేదు. చివరికి పోయిన తండ్రిని నోరారా తిట్టింది. పక్క షెడ్డు మెకానిక్ వచ్చి చూసి, దీన్ని తుక్కుకి వేసెయ్యమన్నాడు. అప్పటికే కారు మొరాయింపు వల్ల ఒక డయాలిసిస్ తప్పింది. తల్లి కాళ్లు, ముఖం ఉబ్బాయి.

మర్నాడు వానలో, వంతెన మీద కారు ఆగింది. ఈసారి తాళం ఎన్నిసార్లు తిప్పినా ప్రాణం రాలేదు. వెనక సీట్లో తల్లికి ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగురుతున్నాయి. అంబులెన్సుకి ఫోను చేస్తే బళ్లన్నీ బయటే ఉన్నాయి, ఆగమన్నారు.

"పోతే పోతాను. నువ్వు తడిసి జ్వరం తెచ్చుకోకే," అంది తల్లి.

"నువ్వు మాట్లాడకమ్మా. ఊపిరి తీసుకో."

ఆమె బానెట్ ఎత్తింది. బ్యాటరీ దగ్గర బల్బు వెలిగింది. ఇంజనుకి నిప్పురవ్వనిచ్చే కాయిల్ దగ్గర వెలగలేదు. తెగింది ఆ రెంటి మధ్య ఎక్కడో. ఎక్కడని వెతికే వ్యవధి లేదు. ఎవరి కారుకూ ఆమె చెయ్యని పని ఒకటుంది: మధ్యలో ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి కాయిల్‌కి తిన్నగా తీగ లాగడం. ఎక్కడైనా తాకితే మంటలే. ఆ పనే చేసింది. వెనకాల ఆగిన రొట్టెల వ్యాను డ్రైవరు దిగి వస్తే, తొయ్యమని చేతులు జోడించింది. అతనూ ఇంకో ఇద్దరూ తోశారు. ఇంజను అందుకుంది.

వైపర్లు ఆడవు. తల కిటికీ బయటపెట్టి, కళ్లలో వాన కొడుతుంటే నడిపింది. కాలిన వాసనేమైనా వస్తోందా అని ముక్కు ఎగబీలుస్తూ, మధ్యమధ్య "అమ్మా" అని పిలిచేది. "ఉన్నా" అనేది తల్లి. వంతెన దిగాక పిలిస్తే పలకలేదు.

ఆస్పత్రి గుమ్మంలో నర్సులు తల్లిని దించి లోపలికి తోసుకుపోయారు. తిన్నగా లాగిన తీగ వల్ల, తాళం తీసినా ఇంజను ఆగలేదు. దాన్ని అలాగే వదిలేసి ఆమె వాళ్ల వెనకాల పరిగెత్తింది. ఆవిడ గుండె కొట్టుకుంటోంది, ఇప్పటికింతే చెప్పగలనన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద ఆమె కూర్చోలేకపోయింది. వెళ్లి తీగ పీకి ఇంజను ఆపి, డాష్‌బోర్డు విప్పేసింది. అసలు తీగను మొదట్నుంచీ వేళ్లతో తడుముతూ పోయింది. ఒకచోట టేపు గట్టిపడి, ఉబ్బెత్తుగా తగిలింది. ఒలిచి చూస్తే లోపల అతుకు. మెలేసి వదిలేసిన రాగి, మాడి నల్లబడి ఉంది. అతుకు ఊడకుండా కరిగించి పోసే సోల్డర్ లేదు. పని నేర్పే రోజుల్లో, సోల్డర్ పెట్టకపోతే ఆమె అతుకుల్ని తెంపి విసిరికొట్టిన తండ్రే వేసిన అతుకు అది. ఏ తొందరలోనో మెలేసి, తర్వాత చూద్దాంలే అనుకుని ఉంటాడు. దాన్ని పట్టుకుని, తడిసిన సీట్లో కూర్చుని, వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రానికి తల్లి కళ్లు తెరిచింది. బండికి ఏమైందని అడిగింది.

"ఒక అతుకు వదిలేసిందమ్మా."

"మీ నాన్న వేసిందా?"

కరెంటక్క దుప్పటి సర్దింది. "కాదు. ఆయన తర్వాత ఎవరో వేసింది."

"అదీ సంగతి. ఆయనైతే అలా వదిలేసే మనిషి కాదు," అని తల్లి తృప్తిగా పక్కకు ఒత్తిగిలింది.

ఆ వారంలోనే ఆమె కారు వైరింగంతా పీకేసి కొత్తది వేసింది. కారు మళ్లీ ఆగలేదు. తల్లి మాత్రం చలికాలం దాటలేదు. ఒక ఉదయం ఆస్పత్రికి వేళయిందని లేపబోతే లేవలేదు. షెడ్డు ముందు కారు ఇంజను అప్పటికే వేడెక్కుతోంది. వెళ్లి దాన్ని ఆపాలని కరెంటక్కకు చాలాసేపటి దాకా తోచలేదు.