నా సంగటి పళ్ళెంలో తుపాకీ మందు

నేను చెప్తాండా, నా బిడ్డ ఫోన్లో కొడతాంది. పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కి నంద్యాలలో బిడ్డ ఇంటికి వచ్చినా. వంటింట్లోకి పోతే, నేను వచ్చినప్పుడల్లా సంగటి తినే పళ్ళెంలో అల్లుడు తుపాకీ మందు పోసుకోని, కంసాలి తరాజుతో తూస్తాండాడు. పక్కనే గ్యాసు పొయ్యి! కాల్చి పారేసిన తూటాల్లో మళ్ళీ మందు నింపేది ఫోన్లో చూసి నేర్చుకుంటాండాడంట, నల్లమలలో జింకను కొట్టేదానికి.

"ఏందప్పా ఇది?" అంటే, "ఇదీ ఒక చదువే అత్తా. గుండు ఎంత దూరం పోతే ఎంత కిందికి జారుతాదో లెక్క కడతాండా" అన్నాడు గొప్పగా.

"జింకను కొట్టి నువ్వు జైలుకు పోతే నా బిడ్డ ఎట్ల బతుకుతాదో, ఆ లెక్క కట్టినావా? ఈ ఇల్లు అంటుకుంటే?" అని బిందెడు నీళ్ళు ఆ మందు మీద కుమ్మరించినా.

ఆ మనిషి తల గోక్కోని, "కోప్పడొద్దత్తా, నీకు కొత్త పళ్ళెం కొనిస్తాలే" అన్నాడు. థూ! నేనింత అరిస్తే ఆయనకు కనపడింది నా పళ్ళెమొక్కటే.

మీ ఇండ్లలో ఇట్లాంటోళ్ళు ఉంటే ఏం చేస్తారో కింద రాయండి, చదివించుకోని వింటా. "ఇది పెట్టొద్దమ్మా, ఆయన చూస్తాడు" అంటాంది నా బిడ్డ. చూడనీ, పెట్టు.