మా బర్రె ఏరిన హాప్స్

అప్పట్లో చేదంటే నాకు తెలిసినవి రెండే: కాకరకాయ, మా నాయన మాట. ఐదో తరగతితో బడి మానేసి, బెంగళూరులో బీరు కాచే హోటల్లో గ్లాసులు కడిగేవాణ్ణి. (రాయడం ఇదే మొదలు, తప్పులుంటే నవ్వుకోండి, తిట్టకండి.) బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వును హాప్స్ అంటారు. ఎండబెట్టి, పొడి కొట్టి, పచ్చటి గుళికలు చేసి అమ్ముతారు. ఊరికి బయల్దేరుతుంటే మా ఓనరు రెండు పొట్లాలిచ్చాడు, పసుపుదొకటి, నీలందొకటి. "కొత్త బీరుకు ఏది వెయ్యాలో వాసన చూసి సోమవారం చెప్పు. నీ ముక్కు ఏం చదువుకోలేదు, అదే నిజం చెప్తుంది. సరిగ్గా చెప్తే బీరు కాచే గదిలోకి తీసుకుంటా, లేకుంటే గ్లాసులే" అన్నాడు.

నంద్యాలలో రైలు దిగేసరికి జలుబు. ఆళ్లగడ్డ బస్సులో పొట్లాలు ఎంత పీల్చినా ఏ వాసనా లేదు. ఇంట్లో మా నాయన చర్చి పెద్ద, బీరు పేరెత్తితే గడప దాటిస్తాడు. గుళికలు చూసి, "ఏందిరా ఇది, దాణానా?" అన్నాడు. తలూపాను.

స్నానం చేసి వచ్చేసరికి రెండు పొట్లాలూ ఖాళీ!

"యాడ బోసినావ్ నాయనా?"

"బర్రెకు యేసినాలే, రెండు బకెట్లల్లో. పసుపుది నాకి నాకి తినింది. నీలందాన్లో మూతి బెట్టి, తల ఇదిలించి, బకెట్టే తన్నింది. మీ కంపెనీవోళ్లకు చెప్పు, అది పనికిరాదని."

ఉద్యోగం సంగతి తర్వాత, ముందు బర్రెకేమవుతుందోనని దాని పక్కనే కూర్చున్నాను. సాయంత్రం ఎప్పటిలాగే పాలిచ్చింది. సగం ప్రాణం లేచొచ్చింది.

సోమవారం ఓనరు అడిగాడు. "పసుపుది సార్."

"ఎందుకు?"

"నీలంది వాసనకు బాగానే పిలుస్తుంది సార్. నోట్లో పెట్టాక తల విదిలించాల్సొస్తుంది."

"నువ్వొక్కడివే చూశావా?"

"ఇంట్లోవాళ్లకూ పెట్టాను సార్." (బర్రె ఇంటి మనిషే కదా.)

"మాకూ అట్లే అనిపించింది. రేపట్నుంచి లోపలికి రా" అన్నాడు. మిగిలిన సగం ప్రాణం అప్పుడు లేచొచ్చింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు గుళికలు నలిపి నా ముక్కు దగ్గర పెట్టి, ఏమంటానా అని చూస్తారు. నేను కళ్లు మూసుకుని, అంతా తెలిసినవాడిలా కాసేపు ఆగుతాను. ఆ కాసేపూ లోపల ఆ జలుబు కుర్రాడు, నాకంటే ముందు ఎవరైనా తిని చెబితే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటూనే ఉంటాడు.