తోక కోసిన మాట

నా హిందీకి ఒకే ఒక్క సూత్రం ఉండేది. తెలుగు మాట పట్టుకో, చివరి సున్నా తోక కోసెయ్, హిందీ అయిపోతుంది. సమయం సమయ్ అవుతుంది, ప్రయత్నం ప్రయత్న్ అవుతుంది, ఉపవాసం ఉపవాస్ అవుతుంది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్లయి రాయ్‌పూర్ వచ్చినదాన్ని, చదువుకున్నంతకాలం హిందీ మొహం సరిగ్గా చూడనిదాన్ని. అందుకే ఈ సూత్రం నేనే కనిపెట్టానని మహా గర్వంగా ఉండేది. ఒకటీ అరా బెడిసికొట్టేవి. మా పాస్టరుగారు మంచి ఉపన్యాస్ ఇచ్చారని ఒక సోమవారం ఆఫీసులో చెప్పాను. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. ఆయన రాసిన నవల ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేశాను కానీ సూత్రాన్ని మాత్రం వదల్లేదు.

ఆఫీసంటే రాయ్‌పూర్ శివార్లలో, సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలోని ల్యాబ్. రెండువేల తర్వాతి తొలి పదేళ్లలో ఆ రోడ్డు పొడవునా చిమ్నీలు మొలుస్తున్న కాలం. కెమిస్ట్రీ చదివినవాళ్లకి పిలిచి ఉద్యోగాలిచ్చేవారు. మా అత్తవారిల్లు డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. మామగారు రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, మా ఆయనది కూడా అదే వర్క్‌షాపు. చుట్టూ తెలుగు కుటుంబాలే కావడంతో, కాలనీ గేటు దాటేదాకా నాకు హిందీతో పనే పడేది కాదు.

మా అత్తగారికి ఒక అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేవారు. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి, అక్కడినుంచి అవసరమున్న ఇళ్లకి. మా ఊళ్లో మా అమ్మా వేసేది గానీ, వంటయ్యాక గుర్తొస్తే వేసేది. అత్తగారు అలా ఒప్పుకునేవారు కారు. "వండక ముందు తీయాల. తినగా మిగిలింది ఇస్తే అది ఇవ్వడం కాదమ్మా, గిన్నె కడుక్కోవడం" అనేవారు. ఆవిడ మాటలు అలాగే ఉండేవి, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు.

ఆ లెక్కన ఆఫీసులో నేను చేసేదంతా గిన్నె కడుక్కోవడమే అని ఆ మాట విన్నప్పుడల్లా అనిపించేది. క్రిస్మస్‌కి ల్యాబంతటికీ కేకూ, నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ పంచేదాన్ని. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్ల శాంపిల్ నేను కొలిమిలో కాల్చి పెట్టేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు, నేను ఉబ్బిపోయేదాన్ని. నాకు నొప్పి కలిగేది మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ఇచ్చే అవకాశం వచ్చినప్పుడు చూడాలి నా సంబరం.

ల్యాబ్‌లో మేము ఇద్దరమే ఆడవాళ్లం. రెండో అమ్మాయి అభన్‌పూర్ దగ్గరి పల్లెలో ఉండేది. నాకన్నా చిన్నది, నన్ను దీదీ అనేది, మధ్యాహ్నం నా పప్పుచారు తాగి తన బియ్యప్పిండి చీలా రొట్టె నాకు పెట్టేది. ప్రసవమయ్యాక తిరిగి పనిలో చేరినప్పటినుంచీ ఆమెది జనరల్ షిఫ్టు, తొమ్మిదింటికి మొదలయ్యేది. నేను మాత్రం చేరిన రోజునుంచీ పొద్దున్నే ఆరింటికి మొదలయ్యే 'ఏ' షిఫ్టులో చాకిరీ చేసి, ఒక కొత్త కుర్రాడు చేరడంతో అప్పుడప్పుడే జనరల్‌కి వచ్చాను. నాకు నిద్రంటే ప్రాణం. తెల్లారి కిటికీలోంచి ఎండ పడేదాకా పడుకోవడం నాకు రాజభోగం.

ఆ కుర్రాడు వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. మీ ఇద్దరిలో ఒకరు 'ఏ' షిఫ్టుకి రావాలని ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్ చెప్పారు. ఆయనది బిలాస్‌పూర్ వైపు, తక్కువ మాట్లాడే మనిషి, న్యాయం తప్పడని పేరు. ఆలోచించుకుని ఎల్లుండిలోగా చెప్పమన్నారు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. అభన్‌పూర్ రాయ్‌పూర్‌కి దక్షిణాన, మా ఫ్యాక్టరీ ఉత్తరాన. ఆరింటికి అక్కడుండాలంటే ఆమెకి బస్సే లేదు. వారమంతా రాయ్‌పూర్‌లో మేనత్త ఇంట్లో ఉండాలి, ఏడాదిన్నర పాపని ఊళ్లో అత్త దగ్గర వదలాలి. అయినా నోరు తెరిచి అడగలేదు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, నాది పర్మనెంటు. అడిగే హక్కు తనకి లేదనుకుంది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నానో నిలబడ్డానో నాకే తెలియదు. ఫ్యాక్టరీ బస్సు మా కాలనీ ముందునుంచే వెళుతుంది. నేను 'ఏ' షిఫ్టు తీసుకుంటే ఆమె పాప దగ్గరే ఉంటుంది. నా నిద్ర పోతుంది, అంతే. ఇదిగో, వండక ముందు తీయాల్సిన గుప్పెడు ఇదే అనిపించి ఒళ్లు ఝల్లుమంది. పైగా కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని బైబిల్లో ఉంది కదా. ఆ అమ్మాయికి చెప్పకూడదు, మా ఆయనకీ చెప్పకూడదు, సూటిగా సార్‌కే చెప్పి వచ్చేయాలి. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రాత్రి మూతి బిగించుకుని కూర్చుంటే, ఒంట్లో బాగుందా అని మా ఆయన రెండుసార్లు అడిగారు.

మర్నాడు సార్ గదిలోకి వెళ్లాను. దారి పొడవునా కూర్చుకున్న వాక్యం గడగడా అప్పజెప్పాను. "సర్, జనరల్ షిఫ్ట్ కా ఉసకో బహుత్ అవసర్ హై. ముఝే అవసర్ నహీ హై. ఆప్ సోచియే."

ఆమెకి చాలా అవసరం, నాకు అవసరం లేదు, మీరే ఆలోచించండి. అంతకన్నా చక్కగా ఎవరు చెప్పగలరు? సార్ కళ్లజోడు తీసి నన్నొకసారి చూసి, బాత్ తో సహీ హై అన్నారు. మాట న్యాయంగానే ఉందన్నారు. నేను గదిలోంచి నడుస్తూ రాలేదు, తేలుతూ వచ్చాను. ఇంటికెళ్లి అలారం ముందుకి జరిపి పెట్టుకున్నాను కూడా.

తెల్లారి నోటీసు బోర్డు మీద 'ఏ' షిఫ్టుకి ఆమె పేరుంది, జనరల్‌కి నాది.

నా కడుపు మండిపోయింది. ఎదురుగా వెళ్లి అంత ప్రాధేయపడితే, పసిబిడ్డ తల్లి అని కూడా చూడకుండా ఎంత కసాయి పని చేశాడీ మనిషి అనుకున్నాను. పై అధికారిని అడిగే ధైర్యం లేదు గానీ కోపం ఎక్కడో చూపించాలి కదా. ఆయన నమస్తే అంటే వినపడనట్టు వెళ్లిపోయేదాన్ని. అత్తగారు చేసిన జంతికలు ల్యాబంతా పంచి ఆయన టేబుల్ ఒక్కటీ వదిలేశాను. క్రైస్తవ ప్రేమ ఆ టేబుల్ దగ్గరికొచ్చేసరికి ఎండిపోయింది.

వింతేమిటంటే, ఆ అమ్మాయి కూడా నాతో మాట్లాడడం మానేసింది. నేను తొమ్మిదింటికి వచ్చేసరికి ఆమె తల వంచుకుని పనిచేసుకుంటూ ఉండేది. భోజనానికి తన డబ్బా పట్టుకుని కొలిమి గదివైపు వెళ్లిపోయేది. పాపకి దూరమై దిగులుగా ఉందిలే అనుకున్నాను. అదీ నిజమే. కానీ నన్ను చూసే చూపులో దిగులొక్కటే లేదు.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక సాయంత్రం సార్ నన్ను ఆపారు. ఆయన గొంతులో నొచ్చుకున్న స్వరం ఉంది. మీరు అడిగినట్టే చేశాను కదా, ఇంకా నామీద కోపమెందుకు అని హిందీలో అడిగారు. నేను అడిగినట్టా? నా బుర్ర గిర్రున తిరిగింది. గబగబా వెళ్లి బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఇక దాచలేక మా ఆయనకి మొత్తం చెప్పేశాను. సార్‌తో అన్న మాట కూడా ఉన్నదున్నట్టు హిందీలో అప్పజెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఈయన పుట్టి పెరిగింది ఆ కాలనీలోనే, నాకన్నా హిందీ బాగా ఒంటబట్టినవారు.

"ఓసి నీ తస్సదియ్యా. అవసర్ అంటే అవసరం కాదే, మౌకా. ఛాన్సు. దానికి జనరల్ షిఫ్టు ఛాన్సులు మస్తుగా దొరికినాయి, నాకు దొరకనే లేదు, నువ్వే సోచాయించుకో అని దాని మీద షికాయత్, కంప్లైంటు చేసీసినావు."

నాకు నవ్వు రాలేదు. అక్కడే చాప మీద కూలబడ్డాను. సార్ కసాయి కాదు. పర్మనెంటు ఉద్యోగి వచ్చి ఎప్పుడూ ఆమెకేనా అని అడిగితే, న్యాయం చూసి మార్చారు. ఆ అమ్మాయికి ఎవరో చెప్పే ఉంటారు, మీ దీదీయే అడిగిందని. ఆ పసిపిల్ల నా సున్నా తోక మూలంగా తల్లి లేకుండా నిద్రపోతోంది.

వంటింట్లోంచి అంతా విన్న అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఆ పిల్లకి ఇచ్చీది ఆ పిల్లకి చెప్పకుండా ఎలాగిస్తావమ్మా? నాతో అనుంటే నేనే చెప్పీదాన్ని కదా, మాట తప్పని" అన్నారు. ఎడమచెయ్యి సంగతి గుర్తుచేశాను. గొప్ప చెప్పుకోవద్దన్నారు గానీ మూగదానివి అవమన్నారా అని లోపలికి వెళ్లిపోయారు. ఆ దెబ్బకి లేచి కూర్చున్నాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఇక ఆగలేకపోయాను. మర్నాడు చీకటితోనే లేచి 'ఏ' షిఫ్టు బస్సెక్కాను. నాకు డ్యూటీ తొమ్మిదింటికి, నన్ను చూసి డ్రైవరు వేళ తప్పావేమో అన్నాడు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా లోపల ఎంత ఉరకలుగా ఉందో చెప్పలేను. తప్పు మాటది, మాట మారిస్తే చాలు, అంతా సర్దుకుంటుంది అని నాలో నేనే పాడుకుంటున్నాను.

ఆమె ల్యాబ్ తాళం తీస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. ముందు తానే మాట్లాడింది, శనివారంతో పని మానేస్తున్నానని కాంట్రాక్టరుకి చెప్పేసిందట. ఎందుకని అడిగాను. నా వైపు చూడకుండా చెప్పింది. ఆదివారం ఊరికి వెళితే పాప నానమ్మ చీరకొంగులో మొహం దాచుకుంది. చేతులు చాపినా రాలేదు.

"నోనీ మోలా నఇ చీన్హిస్, దీదీ" అంది. పాప నన్ను గుర్తుపట్టలేదు, దీదీ.

ఇంత కోపంలోనూ దీదీ అనే అంది. అక్కడే ఏడ్చేశాను. ఏడుస్తూనే మొత్తం చెప్పాను, అవసరం, అవసర్, సూత్రం, సున్నా, కుడిచెయ్యి, ఎడమచెయ్యి, అన్నీ కలగాపులగంగా. నా హిందీకి ఏడుపు కూడా తోడయితే ఎవరికర్థమవుతుంది? ఆమె నమ్మలేదు. జాలి పడి కథ అల్లుతున్నాననుకుంది. జాలితో ఇచ్చేది నాకొద్దంది.

అప్పుడొచ్చింది నాకు కోపం. జాలి కాదు, లెక్క అన్నాను. బస్సు మా గుమ్మం ముందు ఆగుతుంది, మీ ఊళ్లో ఆ వేళకి బస్సే లేదు. నా ఇంట్లో పసిపిల్ల లేదు, నీకుంది. నా దగ్గర ఎక్కువున్నది ఇవ్వడానికి నీ అనుమతి కావాలా అని గదమాయించాను. మా పాస్టరుగారు ఇచ్చిన ఉపన్యాస్ కన్నా పెద్దదే ఇచ్చి ఉంటాను. ఉపన్యాస్ అన్న మాట నా నోటివెంట వచ్చిందో ఏమో, ఆమె పెదవి చివర చిన్నగా కదిలింది. నవల రాసిన పాస్టరుగారు ఆమెకి గుర్తొచ్చారు. అప్పుడు నమ్మింది, ఈ మనిషి నిజంగా ఇలాగే మాట్లాడుతుందని.

సార్ రాగానే ఇద్దరం కలిసి వెళ్లాం. ఈసారి నేను అవసరానికి జరూరత్ అన్నాను, రాత్రంతా మా ఆయన వల్లె వేయించిన మాట. సార్‌కి తలా తోకా అర్థం కాలేదు. ఆమె తన హిందీలో తీరిగ్గా చెప్పింది. ఆయన చాలాసేపు తల దించుకునే ఉన్నారు, నవ్వు దాచుకుంటున్నారని తర్వాత తెలిసింది. కాంట్రాక్టరుకి ఆయనే ఫోన్ చేసి, ఆమె ఎక్కడికీ వెళ్లడం లేదన్నారు. జంతికలు ఇంకా ఉన్నాయా అని నన్నడిగారు. నేను సిగ్గుతో చచ్చాను.

సోమవారంనుంచి నేను 'ఏ' షిఫ్టు, ఆమె జనరల్. చలి చలే, నిద్ర నిద్రే, అలారం మోగినప్పుడల్లా కసురుకుంటూనే లేచేదాన్ని. ఇవ్వడం అంటే ఒకసారి ఇచ్చేసి ఊరుకోవడం కాదని, ప్రతి పొద్దున్నా మళ్లీ ఇవ్వాలని నాకప్పుడే తెలిసింది. అది ఎవరూ ముందు చెప్పరు.

మొదటి రెండు మూడు రోజులు ఆమె వచ్చి మామూలుగా పనిలో పడేది. పాప సంగతి నేను అడగలేదు, అడగడానికి భయం. తర్వాత ఒక రోజు తొమ్మిదింటికి బస్సు దిగి దాదాపు పరిగెత్తుకుంటూ ల్యాబ్‌లోకి వచ్చింది. చున్నీ జారిపోతోంది, బ్యాగు భుజం మీదే ఉంది. చేతిలో ఉన్న శాంపిల్ నేను కింద పెట్టేలోగానే నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఆజ్ మోర్ నికలత్ బేరా నోనీ రోఇస్, దీదీ."

ఈ రోజు నేను బయల్దేరుతుంటే పాప ఏడ్చింది. బిడ్డ ఏడ్చిందని ఒక తల్లి ముఖం అంతలా వెలిగిపోవడం నేనెక్కడా చూడలేదు. ఎంతసేపు ఏడ్చిందని అడిగాను.

చాలాసేపు, అంది గర్వంగా.